అంబులెన్స్ అన్న మాటకు అర్థం

నా చిన్నప్పుడు, ములకలపల్లి అవతల అడవి అంచున ఉన్న మా పల్లెకు వానాకాలంలో ఏ బండీ వచ్చేది కాదు. అలాంటి ఒక పొద్దున అమ్మకు నెలలు నిండకముందే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చూసి, బిడ్డ అడ్డం తిరిగిందని, ఇక తన వల్ల కాదని చెప్పేసింది.

నాన్న, ఊళ్లోని మరో ముగ్గురు అమ్మను నులకమంచం మీద పడుకోబెట్టి భుజాలకెత్తుకున్నారు. ఖమ్మంలో నర్సు చదువుతూ సెలవులకొచ్చిన పక్కింటి అక్క మంచం పక్కనే నడిచింది. ఇంట్లో ఉండమన్నా వినకుండా నేనూ వెంటపడ్డాను.

సగం దారిలో వాగు ఎర్రగా పొంగి పారుతోంది. మంచం దించారు. ఉధృతి తగ్గేదాకా ఆగుదామన్నాడు నాన్న. దుప్పటి మీద నెత్తుటి మరక పెద్దదవుతోంది. అమ్మ మూలగడం కూడా మానేసింది.

"సినిమాల లెక్క అంబులెన్స్ రాదా అక్కా?" అని ఏడుపందుకున్నాను.

అక్క నా మొహం తన వైపు తిప్పుకుంది. "అంబులెన్స్ అంటే ఏందో తెల్సా? లాటిన్ అని ఒక పాత భాష ఉంది. అండ్ల నడవడం అనే మాటకెల్లి పుట్టింది. వెనుకట యుద్ధంల దెబ్బతిన్నోళ్ల కోసం సైన్యం వెంట నడిచే దవాఖానాను గట్ల పిలిచిండ్రంట. బండికి ఆ పేరు తర్వాతొచ్చింది."

నాన్న వైపు తిరిగింది. "ఇప్పుడు మనమే అంబులెన్స్ బాబాయ్. ఆగితే పిన్ని దక్కదు. వాగెంబడి పైకి పోదాం, బండల కాడ లోతు తక్కువుంటది. జల్దీ లేవండ్రి."

నాన్న "అవ్ బిడ్డా" అని మంచం కోడు పట్టుకున్నాడు.

బండల దగ్గరా నీళ్లు వాళ్ల నడుముల దాకా వచ్చాయి. అక్క నన్ను వీపున ఎక్కించుకుంది. నడిమధ్యలో ఒకాయన కాలు జారి మంచం ఒక పక్కకు ఒరిగింది. అప్పుడు నాన్న పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఎలా నిలబెట్టారో తెలియదు, అమ్మ జారిపోలేదు.

ములకలపల్లిలో జీపు దొరికింది. కొత్తగూడెం దవాఖానాలో ఆపరేషన్ చేసి అమ్మను బతికించారు. తమ్ముడు మాత్రం దక్కలేదు. అమ్మ వాణ్ణి ఒక్కసారి ఒళ్లోకి తీసుకుని, చాలాసేపు ఇవ్వలేదు.

అమ్మ ఆ తర్వాత నా పిల్లలను కూడా ఎత్తుకుంది. ఇప్పుడు ఫోన్ చేస్తే మా పల్లెకూ బండి వస్తుంది. అయినా ఎవరింట్లోనైనా ఆపదని వింటే, ఎవరో వస్తారని గుమ్మంలో నిలబడి ఎదురుచూడటం నాకు చేతకాదు. చెప్పులేసుకుని ముందు బయల్దేరతాను. ఏం చేయాలన్నది నడుస్తూ ఆలోచిస్తాను.