డైరీలో రాయని గేరు లెక్క

అక్టోబరు మొదటి వారం. ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలకు లారీ నన్ను ఆ పోస్టులో దించింది. ఎత్తు పదమూడు వేల ఎనిమిది వందల అడుగులు. ఎండ కాస్తూనే ఉంది. నీడలో ఉన్న నీళ్ళ డ్రమ్ము మీద మాత్రం మంచు పొర కరగలేదు. ట్రంకు పెట్టె ఎత్తుకుని గుడారం వైపు ముప్పై అడుగులు నడిచి, దాని మీదే కూలబడ్డాను. ఊపిరి అందలేదు. నేను బండ్ల మరమ్మతు చూసే హవల్దారును. పోస్టులోని మూడు బండ్లు ఇక నా బాధ్యత.

పోస్టు లోయ అడుగున, వాగు ఒడ్డున ఉంది. బయటికి ఒక్కటే దారి. ముందు అర కిలోమీటరు వాగులోని బండరాళ్ళ మీదుగా, తర్వాత ఏడు మలుపులు ఎక్కి కనుమ దాకా. మొత్తం నాలుగున్నర కిలోమీటర్లు. కనుమ మీద ఒక బంకరు, అందులో వైర్‌లెస్ సెట్టు, పక్కన ఈ మలుపులు దిగలేని అంబులెన్సు. ఆసుపత్రి అవతలి లోయలో. మాలో ఎవరికి జబ్బు చేసినా ముందు ఆ ఏడు మలుపులు ఎక్కించాలి.

పెట్టె అందుకోవడానికి వచ్చిన జీపు డ్రైవర్ దాని మీద తెల్ల రంగుతో రాసిన ఊరి పేరు చదివి ఆగిపోయాడు.

"తిరువూరా అండి మీది? మాది గంపలగూడెం అవతల. ఎటెళ్ళాలన్నా మీ ఊళ్ళోనే బస్సు మారాలి."

"ముందు పెట్టె పట్టవయ్యా."

"పడతాను బాబాయ్. తెలుగు మాట విని ఎనిమిది నెలలైంది. కాసేపు తిట్టండి, వింటాను."

ఆ రోజు నుంచి నేను అతడికి బాబాయినే. నలుగురిలో ఉన్నప్పుడు మాత్రం హవల్దార్ సాబ్. పదమూడేళ్ళ సర్వీసులో ఇంకా సిపాయిగానే ఉన్నాడు. మరో రెండేళ్ళలో నాయక్ కాకపోతే ఇంటికి పంపించేస్తారు. రికార్డులో ఒక్క మచ్చ లేదు. ఆ ఏడాది నాయక్ జాబితాలో అతడి పేరు ఉందని ఆఫీసు గుమాస్తా చెప్పాడు. ఆదివారం ప్రార్థన చేసుకుని లేచేటప్పుడు డ్రైవర్ తన భుజం మీద రెండు వేళ్ళు పెట్టి చూసుకునేవాడు. నాయక్ హోదా గీతలు కుట్టించుకునే చోటు అది.

వాగులో జీపుతో ఇబ్బందిగా ఉండేది. ఇరుసు మధ్యలోని గుండ్రటి భాగం రాళ్ళకు కొట్టుకునేది. పోస్టు అధికారి మేజర్ సాబ్ పెద్ద టైర్లు తెప్పించారు. పాతవి ఇరవై తొమ్మిది అంగుళాల ఎత్తు. కొత్తవి ముప్పై మూడు. ఇరుసు రెండంగుళాలు పైకి లేచింది. రాళ్ళు తగలడం మానేశాయి. కాని మొదటి మలుపులోనే ఇంజను మూలిగి ఆగిపోయింది.

ఊళ్ళో ఉండేవాళ్ళకు అర్థమయ్యేలా చెబుతాను. ఇరుసు మధ్య పెట్టెలో రెండు పళ్ళ చక్రాలు ఉంటాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. మా జీపులో చిన్నది నాలుగుంబావు చుట్లు తిరిగితే బండి చక్రం ఒక చుట్టు తిరిగేది. కచ్చితంగా చెప్పాలంటే 4.27. టైరు పెద్దదైతే ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది. ఆ మేరకు ఇంజను మీద బరువు పడుతుంది. దాన్ని సరిచేయాలంటే పళ్ళ చక్రాలు మార్చి ఆ అంకె పెంచాలి. ముందు ఇరుసులోనూ వెనక ఇరుసులోనూ ఒకే అంకె ఉండాలి. లేకపోతే నాలుగు చక్రాలూ కలిసి లాగేటప్పుడు ఒకదానితో ఒకటి పోట్లాడుకుని ఏదో ఒకటి విరుగుతుంది.

స్టోరులో రెండు రకాల జతలు ఉన్నాయి. 4.88 రెండు పెట్టెలు, 5.38 రెండు పెట్టెలు. నేను డైరీ తీసి లెక్క వేశాను. 4.27ని ముప్పై మూడుతో హెచ్చించి ఇరవై తొమ్మిదితో భాగిస్తే 4.86 వచ్చింది. చేతిలో 4.88 ఉంది. లెక్క ఇంత దగ్గరగా కుదరడం నా సర్వీసులో అరుదు. కింద రెండు గీతలు గీశాను.

డ్రైవర్ పెట్టెల మీది అంకెలు చూస్తూ నిలబడ్డాడు.

"బాబాయ్, ఆ పెద్ద అంకెది వేయండి."

"ఎందుకు? లెక్క 4.86 వచ్చింది."

"అది పాత టైర్లతో ఎలా ఉండేదో అలా చేసే లెక్క. పాత టైర్లతో కూడా ఈ మలుపుల్లో ఏడుస్తూనే ఎక్కేది. ఇక్కడ మనకే ఊపిరాడట్లేదు, ఇంజనుకి ఆడుద్దా? మనుషుల్ని, సామాన్లని వేస్తే లాగదు."

"5.38 వేస్తే రోడ్డు మీద నెమ్మదైపోతుంది. డీజిల్ తాగేస్తుంది."

"ఇక్కడ రోడ్డెక్కడుంది బాబాయ్?"

చుట్టూ ఉన్నవాళ్ళకు తెలుగు రాకపోయినా అతడి ముఖం చూసి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బండి నడిపేవాడు నడపాలి, లెక్క నేను చూసుకుంటాను అన్నాను. అతడు "సరే హవల్దార్ సాబ్" అన్నాడు. చుట్టూ మనుషులున్నా అంతసేపూ బాబాయ్ అంటూనే మాట్లాడాడని అప్పుడు తట్టింది.

పని మూడు రోజులు పట్టింది. వేలి చివర్లు ఇనుముకు అంటుకుపోయే చలి. పళ్ళకు నీలం రంగు పూసి తిప్పడం, ఎక్కడ తాకుతున్నాయో చూడడం, సందు సరిచేయడానికి రేకు ముక్కలు వేయడం, మళ్ళీ తిప్పడం. నాలుగోనాడు ఉదయం తొమ్మిదింటికి ట్రయల్. డీజిల్ పొదుపు చేయమని ఆర్డరు ఉంది. బండిలో డ్రైవర్, మేజర్ సాబ్, వెనక ఏమీ లేదు. కనుమ దాకా వెళ్ళి వచ్చింది. మేజర్ సాబ్ నా భుజం తట్టి వెళ్ళారు.

డ్రైవర్ బానెట్ ఎత్తి ఏదో చూస్తున్నట్టు నటిస్తూ నన్ను పక్కకు పిలిచాడు.

"ఖాళీ బండినే మూడో మలుపులో హాఫ్ క్లచ్ మీద, పెడల్ సగం తొక్కిపట్టి లాక్కొచ్చాను బాబాయ్. లోడుతో ఆగిపోద్ది. మీరు చెబితే మేజర్ సాబ్ వింటారు. ఇంకో మూడు రోజులు అడగండి. నేనూ చెయ్యేస్తాను."

తర్వాత చూద్దాం అన్నాను. మూడు రోజుల పని విప్పి, లెక్క తప్పింది సాబ్ అని చెప్పడం నా వల్ల కాలేదు. ఆ సాయంత్రం డైరీలో రాశాను: "ట్రయల్ సంతృప్తికరం. నూనె కారడం లేదు. శబ్దం లేదు." అతడు అన్నది రాయలేదు. చదువుకునే రోజుల నుంచీ నా డైరీకి ఒక నియమం ఉంది. కొలిచినది, కళ్ళతో చూసినది మాత్రమే రాస్తాను. ఎవరేమన్నారో రాయను. ఆ నియమం గురించి అప్పటిదాకా గర్వపడేవాణ్ణి.

పదహారు రోజులు గడిచాయి. మధ్యాహ్నం రెండు ఇరవైకి ఒక జవానుకు ఆయాసం ఎక్కువైంది. నర్సింగ్ అసిస్టెంటు వీపు మీద చెవి ఆనించి విని, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, వెంటనే కిందికి దించాలి అన్నాడు. కిందికి దించాలంటే ముందు పైకి ఎక్కించాలి. మిగతా రెండు బండ్లు సరుకు కోసం అవతలి లోయకు వెళ్ళి ఉన్నాయి. రెండు నలభైకి బయలుదేరాం. జీపులో డ్రైవర్, నేను, నర్సింగ్ అసిస్టెంటు, స్ట్రెచర్ మీద రోగి, ఇద్దరు జవాన్లు, మూడు ఆక్సిజన్ సిలిండర్లు. మంచు తుంపర పడుతోంది.

వాగు దాటాం. రాళ్ళు ఒక్కటీ తగల్లేదు. మొదటి రెండు మలుపులూ ఎక్కింది. మూడో మలుపులో దారికి అడ్డంగా మెట్టులా ఉన్న రాయి దగ్గర ఇంజను ఆగింది. మళ్ళీ స్టార్ట్ చేశాడు. మళ్ళీ ఆగింది. నేనూ జవాన్లూ దిగి తోశాం. మూడోసారి నల్ల పొగ వచ్చింది, చక్రం రాయి మీదికి సగం ఎక్కి వెనక్కి జారింది. ఐదోసారికి క్లచ్ ప్లేటు కాలిన వాసన వచ్చింది. ఆ వాసన తెలిసినవాడికి ఇక తోయొద్దని చెప్పనక్కర్లేదు. టైము మూడు గంటల పది నిమిషాలు.

మా వెంట ఉన్న వైర్‌లెస్ సెట్టులో కనుమ ఆపరేటరు గొంతు వినిపించింది. "ఎక్కడున్నారు? ఓవర్."

"మూడో మలుపు. బండి పోయింది. మోసుకొస్తున్నాం. ఓవర్."

"అంబులెన్సు స్టార్ట్ చేసి ఉంచాం. మనిషెలా ఉన్నాడు? ఓవర్."

నర్సింగ్ అసిస్టెంటు నా చేతిలోంచి సెట్టు లాక్కుని, "మాట్లాడించకండి, నడవనివ్వండి" అని కట్టేశాడు.

కనుమ చేరేసరికి ఐదు ఇరవై ఐదు. స్ట్రెచర్ ముందు కొస డ్రైవర్ ఎవరికీ ఇవ్వలేదు. రోగి బతికాడు. పన్నెండు రోజుల తర్వాత ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. అందుకు నేను దేవుణ్ణి తలచుకోని రోజు లేదు.

క్లచ్ ఎందుకు కాలిందో తేల్చడానికి విచారణ పెట్టారు. మెస్సు గుడారంలో బల్ల, మూడు కుర్చీలు. డ్రైవర్ బయట నిలబడ్డాడు. నేను డైరీ తీసుకుని లోపలికి వెళ్ళాను. విచారణ అధికారి లెక్క ఉన్న పేజీ చూశారు, ట్రయల్ పేజీ చూశారు. రాత బాగుందన్నారు.

"ట్రయల్ తర్వాత డ్రైవర్ ఏమైనా ఫిర్యాదు చేశాడా?"

ఆ ఒక్క ప్రశ్న కోసమే నన్ను పిలిచారు. అవును సాబ్, రెండుసార్లు చెప్పాడు, నేనే వినలేదు అంటే సరిపోయేది. నాకు పెన్షన్‌కు కావలసిన సర్వీసు ఎప్పుడో పూర్తయింది. ఒక మందలింపుతో నాది ముగిసిపోయేది.

"డైరీలో ఏమీ లేదు సాబ్" అన్నాను.

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఆయన తలూపి పేజీ నంబరు రాసుకున్నారు. హాఫ్ క్లచ్ మీద బండిని దుర్వినియోగం చేశాడని డ్రైవర్ రికార్డులో ఎర్ర సిరా పడింది. నాయక్ జాబితాలోంచి పేరు పోయింది. స్టీరింగు మీది నుంచి తీసేసి దారి మీద రాళ్ళు, మంచు ఎత్తే పనికి వేశారు. నేను జీపుకు కొత్త క్లచ్‌తో పాటు 5.38 వేశాను. మేజర్ సాబ్ కారణం అడగలేదు. లోడుతో ట్రయల్ చేశాను. మూడో మలుపు నడుచుకుంటూ వెళ్ళినట్టు ఎక్కింది. ఆ రోజు డైరీలో అంకె ఒక్కటే రాశాను.

రెండేళ్ళకు అతడు ఇంటికి వచ్చేశాడు. ఆ తర్వాత నేనూ వచ్చాను. గంపలగూడెం, తిరువూరు మధ్య షేర్ ఆటో నడుపుతున్నాడని తెలిసి, చాలాకాలం ఆ దారిలో బస్సే ఎక్కాను. ఒక ఉదయం బస్టాండు బయట అతడే నా ముందు ఆటో ఆపాడు.

"ఎక్కండి బాబాయ్. ఎంతకాలం తప్పించుకుంటారు?"

ముందు సీట్లో అతడి పక్కన కూర్చున్నాను. ఊరు దాటాక చెప్పాను. ఆ రోజు నన్ను అడిగారని, నేను నిజం చెప్పలేదని.

"తెలుసు. గుడారానికి గోడలుంటాయా? బయట నాకంతా వినపడుతూనే ఉంది."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"అప్పటికే బల్ల మీద మీ డైరీ ఉందిగా. సిపాయి మాట ఎవరికి కావాలి?" హారన్ కొట్టి గేదెను తప్పించాడు. "డైరీ ఇంకా రాస్తున్నారా?"

"రాస్తున్నాను."

"ఎవరేమన్నారో కూడా రాయండి" అన్నాడు.

ఇప్పుడు రాస్తున్నాను. విస్సన్నపేట, ఎ.కొండూరు తోటల వాళ్ళు పాత జీపులకు పెద్ద టైర్లు వేయించి, ఏ అంకె గేర్లు వేయాలని అడగడానికి వస్తారు. టైరు కొలత కాగితం మీద రాసి తెస్తారు. నేను ముందు బండి నడిపేది ఎవరని అడుగుతాను. అతణ్ణి తీసుకురమ్మంటాను. ఎంత బరువుతో, ఏ దారిలో, ఎక్కడ ఇబ్బంది పడుతోందో అతడు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాకే లెక్క వేస్తాను. ముసలాయనకు చాదస్తం అనుకుంటారు. అనుకోనీ.

నేను పోస్టు వదిలింది ఆ చలికాలం దాటాక, మే నెల మూడో వారంలో, ఉదయం ఏడుంబావుకు. నా పెట్టె లారీలో వేశారు. మేజర్ సాబ్ కరచాలనం చేశారు. డ్రైవర్ గుడారంలో లేడు. వాగు దాటి పైకి ఎక్కుతున్నాం. లారీ నడిపేవాడు ఆ దారికి కొత్త. మూడో మలుపు దగ్గరికి వచ్చేసరికి ఇంజను శబ్దం మారింది, బండి వణకడం మొదలుపెట్టింది. దారి పక్కన పార పట్టుకుని అతడు నిలబడి ఉన్నాడు. పార కింద పెట్టి దారి మధ్యకు వచ్చాడు. కుడిచెయ్యి పైకెత్తి నెమ్మదిగా కిందికి దించాడు. ఒక గేరు తగ్గించు అని. లారీ అతను తగ్గించాడు. బండి కుదురుకుని ఎక్కసాగింది. అతడు పక్కకు జరిగాడు. నేను కిటికీలోంచి తల బయటపెట్టాను. అతడు నా వైపు చూడలేదు. దించిన చెయ్యి అలాగే ఉంచి, వెనక చక్రాలు ఆ రాయి దాటేదాకా వాటినే చూస్తూ నిలబడ్డాడు.