యాంటెన్నాకు ప్రభ లైట్లు

మా పాత యూనిట్ వాళ్లు ఏడాదికోసారి ఎక్కడో ఒకచోట కలుస్తారు. కలిసిన ప్రతిసారీ ఎవడో ఒకడు లేచి, శ్రీలంకలో ఉన్నప్పుడు మన క్యాంపులో టీవీ ఎంత బ్రహ్మాండంగా వచ్చేదో అని నిట్టూరుస్తాడు. అదంతా సుబేదార్ సాబ్ చలవ అని ఒకడంటాడు. పోయినసారి ఒక మహానుభావుడు సముద్రం గాలి చలవ అని కూడా తేల్చాడు. ఆ టీవీకి బొమ్మ తెప్పించిన మనిషి అదే బల్ల దగ్గర, వాళ్ల ఎదురుగానే, పకోడీలు తింటూ కూర్చున్నాడు. ఆ మనిషిని నేను. ఇన్నేళ్లలో ఒక్కడంటే ఒక్కడు నా పేరెత్తలేదు.

ఎత్తితే దాంతోపాటు ఇంకో సంగతి కూడా ఎత్తాల్సి వస్తుందని వాళ్ల మొహమాటం కాబోలు. నాకు ఏ మొహమాటమూ లేదు. మొత్తం క్యాంపును, అందులోని మనుషులను, వంటశాలలోని నీళ్ల పప్పుతో సహా ఒకే ఒక్క స్విచ్చితో గాల్లో కలిపేయబోయిన ఘనుణ్ణి కూడా నేనే. ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

నాది నరసరావుపేట. పేరు మస్తాన్. మా నాన్న ప్రభలకు లైటింగ్ కట్టేవాడు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు లాక్కొచ్చే ప్రభలను చూడనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం ఒక ముక్క: తాటిచెట్టును తలదన్నే వెదురు చట్రం, దానికి రంగుగుడ్డలు, పైనుంచి కిందిదాకా కరెంటు బల్బులు, వెనకాల ఇంకో బండి మీద జనరేటర్. కాళ్లొచ్చి నడిచే గోపురం అనుకోండి. వాటికి లైట్లు కట్టడంలో మా నాన్నది ఒకటే పద్ధతి. ఎన్ని వందల బల్బులున్నా అన్నిటికీ ఒకటే లైను, ఒకటే స్విచ్చి. "ముక్కముక్కలుగా వెలిగితే అది పెళ్లిపందిరిరా. ప్రభంటే ఒక్కసారే కళ్లు తెరవాల" అనేవాడు. ఆ పద్ధతి నా చేతుల్లోకి ఇంకిపోయింది. ఆ చేతులతోనే వెళ్లి సైన్యంలో ఎలక్ట్రీషియన్‌గా చేరాను.

ఎనభైల చివర్లో మా యూనిట్‌ను శాంతిసేనలో భాగంగా శ్రీలంక ఉత్తరాన, సముద్రానికి దగ్గరగా, ఒక పాడుబడ్డ వడ్లమిల్లులో దించారు. అక్కడ వినోదమంటే సాయంత్రం వాలీబాల్, స్ట్రైకర్ పోయిన క్యారమ్ బోర్డు, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు ఒకరివి ఒకరికి చదివి వినిపించడం. అలాంటి చోటికి ఒక రంగుల టీవీ, దానికో వీసీఆర్ వచ్చాయి. మిల్లు గోదాములో ఖాళీ గోనెసంచుల మీద దాన్ని కూర్చోబెట్టి, పంజాబీలు, కుమావు కొండలవాళ్లు, మరాఠాలు, కేరళవాళ్లు అందరం చుట్టూ చేరాం. పురిటిబిడ్డను కూడా అంత ముద్దుగా చూడరు. నిజం చెప్పాలి, ఆ మనుషుల్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగానే ఉంటుంది. పగలంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగొచ్చి, సాయంత్రం ఆ పెట్టె ముందు చిన్నపిల్లల్లా తొక్కులాడుకునేవాళ్లు.

అయితే వీసీఆర్‌కు వచ్చిన క్యాసెట్లు మూడే. మూడూ హిందీవే. మూడో వారానికల్లా హీరో నోరు తెరవకముందే గోదామంతా డైలాగు చెప్పేసేది.

సైన్యంలో నెలకోసారి దర్బార్ అని ఒకటి జరుగుతుంది. అందర్నీ కూర్చోబెట్టి కమాండింగ్ ఆఫీసర్, అంటే మా సీఓ గారు, "ఎవరికైనా పాయింట్లు ఉన్నాయా?" అని అడుగుతారు. లేవు సాబ్ అని అందరూ ముక్తకంఠంతో అనడం ఆనవాయితీ. నేను లేచేవాణ్ణి. పప్పు పల్చగా ఉందని ఒక నెల, క్యారమ్ స్ట్రైకర్ ఏదని ఒక నెల, నా ఉత్తరం కంటే నా వెనకవాడి ఉత్తరం ముందెందుకొచ్చిందని ఒక నెల. అడగందే అమ్మయినా పెట్టదంటారు. సైన్యంలో అడిగితే తప్పకుండా పెడతారు, కాకపోతే పెట్టేది అదనపు డ్యూటీ. అయినా నేను మానలేదు.

ఆ నెల నా పాయింటు తెలుగు సినిమా. మన దేశపు టీవీలో ఆదివారం మధ్యాహ్నం ఒక్కో వారం ఒక్కో భాష సినిమా వేసేవాళ్లు. వచ్చే ఆదివారం తెలుగుదని రేడియోలో విన్నాను. చుట్టుపక్కల ఊళ్ల ఇళ్ల మీద పొడుగాటి యాంటెన్నాలు లేవనెత్తి, అక్కడివాళ్లు మన దేశపు ప్రసారాన్ని హాయిగా చూస్తున్నారు. మనమెందుకు చూడకూడదు అని అడిగాను.

సుబేదార్ సాబ్ లేచాడు. కుమావు కొండల మనిషి. ఆయన గొంతెత్తితే ఉప్పుటేటి అవతలి మన పోస్టువాళ్లు కూడా అటెన్షన్‌లో నిలబడేవాళ్లు. ఆయన హిందీలో అన్నదాన్ని తెలుగులో చెబుతున్నాను.

"నీకు హిందీ వచ్చుగా మస్తాన్. మళ్లీ తెలుగు సినిమా ఎందుకు?"

"నాకు రొట్టె తినడమూ వచ్చు సాబ్. అన్నం వద్దని ఎవరన్నారు?"

జనం నవ్వారు. సీఓ గారు కూడా నవ్వు కనపడకుండా పెదవి బిగించారు. ఈ క్యాంపు పల్లంలో ఉంది, చుట్టూ తాటిచెట్లు, ఎంత యాంటెన్నా ఎత్తినా బొమ్మ రాదు, ఇప్పటికే ఇద్దరు ప్రయత్నించి మానుకున్నారు అన్నాడు సుబేదార్ సాబ్. ఎత్తడం చేతకాక రాలేదు, మా ఊళ్లో తాటిచెట్టంత ప్రభలను నిలబెడతాం, ఈ గొట్టమొక లెక్కా అన్నాను నేను.

"బొమ్మ రాకపోతే?" అన్నాడాయన.

"రాకపోతే సర్వీసులో ఉన్నంతకాలం దర్బార్‌లో నోరెత్తను."

ఆ మాటకు దర్బార్ మొత్తం చప్పట్లు కొట్టింది. నాకు కొట్టారనుకున్నాను. నేను నోరెత్తని దర్బార్‌ను తలుచుకుని కొట్టారని తర్వాత తెలిసింది. చూశారుగా, పందెంలో నేను ఒడ్డింది ఏమిటో. కొందరికి మీసం, కొందరికి మాట. నాకున్న ఆస్తి ఒక్క ఫిర్యాదే.

శనివారం పొద్దున్నే పని మొదలుపెట్టాను. వెదుళ్లు, తాళ్లు, ఇనప గొట్టం. మా పల్నాటివాడే ఇంకొకడున్నాడు క్యాంపులో, శావల్యాపురం రాజారత్నం, లారీ డ్రైవర్. వాణ్ణి ఒక తాడుకు నిలబెట్టి, మిగతా తాళ్లకు దేశాన్నంతా నిలబెట్టాను. మా తిరునాళ్ల కేక నేర్పితే పంజాబీలు దాన్ని యుద్ధానికి వెళ్తున్నట్టు, కేరళవాళ్లు పడవ లాగుతున్నట్టు వేశారు. సాయంత్రానికి యాంటెన్నా లేచింది. తాటిచెట్లు దాటి పైకెళ్లింది. అందరూ మెడలు వెనక్కి విరిచి చూశారు. సుబేదార్ సాబ్ కూడా ఏమీ అనకుండా దాని చుట్టూ ఒకసారి తిరిగి వెళ్లాడు. ఆయన ఏమీ అనకపోవడం మా యూనిట్‌లో పతకం లాంటిది.

అక్కడితో ఆగితే ఈపాటికి నా పేరు చెప్పుకునేవాళ్లు.

ఆ వెదురు చట్రాన్ని చూస్తుంటే నా చేతులు దురద పెట్టాయి. లైట్లు లేని ప్రభ జడగంటలు లేని పెళ్లిజడలాగా ఉంటుంది. స్టోరులో బడాఖానాకు, అంటే అందరూ కలిసి చేసే పెద్ద విందుకు, కట్టే రంగుబల్బుల దండలు ఊరికే పడి ఉన్నాయి. తెచ్చి కట్టడం మొదలుపెట్టాను.

రాజారత్నం కిందనుంచి చూశాడు. "ఒరే మస్తానూ, ఏందిరా ఆ పని? ఇది కొండ తిరునాళ్ల అనుకుంటన్నావా? పొద్దుగూకితే బీడీ ముట్టించినా తోలు వొలుస్తన్నారు ఈడ."

"ఎలిగించేది ఎవుడ్రా? ఊరికే కడతన్నా. బోడిగా ఉంటే నా చేతులు ఒప్పుకోట్లా."

"నీ చేతుల్తో చానా ఇబ్బందిరా. దిగు ముందు."

దిగాను. దిగేముందు చేతులు వాటి పని అవి చేసేశాయి. మా నాన్న పద్ధతి. ఒకటే లైను, ఒకటే స్విచ్చి. బల్బుల దండ కొస తీసుకెళ్లి టీవీకి పోయే లైనుకే కలిపేశాను. బుర్రను అడిగితే వద్దనేదే. చేతులు బుర్రను ఎప్పుడడిగాయి?

పొద్దుగూకింది. క్యాంపులో చీకటి నియమం, రాత్రిపూట బయటికి వెలుతురు కనపడకూడదు. గోదాము కిటికీలకు దుప్పట్లు కట్టి, తలుపు మూసి, జనమంతా లోపల చేరారు. నేను స్విచ్చి వేశాను. మొదట చీమలు, తర్వాత గీతలు, ఆ తర్వాత అద్దంలో మొహం చూసినట్టు బొమ్మ. వార్తలు చదివే అమ్మాయి చెవిదిద్దులు కూడా కనపడుతున్నాయి. గోదాము దద్దరిల్లింది. ఎవరో నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక నన్ను అంత గౌరవంగా ఎవరూ మోయలేదు.

ఆ ఎత్తు మీద ఉండగానే తలుపు బద్దలైనట్టు తెరుచుకుంది. సుబేదార్ సాబ్. ఆయన వెనకాల ఆకాశంలో ఎరుపు, పచ్చ, నీలం.

బయట మా క్యాంపు కోటప్పకొండలా వెలిగిపోతోంది. సముద్రంలో చేపలు కూడా మా వంటశాలను గుర్తుపట్టేంత వెలుతురు. కాపలా సంత్రీలు విజిళ్లు ఊదుతున్నారు. మనుషులు కందకాల్లోకి దూకుతున్నారు. స్నానం మధ్యలోంచి వచ్చిన సీఓ గారు నడుముకు తువ్వాలు, చేతిలో పిస్తోలు, తల మీద సబ్బు నురగతో నిలబడి ఉన్నారు. ఆ అవతారంలో కూడా ఆయన హుందాగా ఉన్నారంటే నమ్మండి.

"ఆపు!" అన్నాడు సుబేదార్ సాబ్. భుజాల మీంచి దూకి స్విచ్చి ఆపాను. టీవీ ఆగింది. బయట ఏం జరుగుతోందో తెలియని లోపలివాళ్లు వెయ్యి, వెయ్యి అని నా మీద పడ్డారు. వేశాను. ప్రభ వెలిగింది. బయటి నుంచి ఆపమన్నారు. ఆపాను. ముందు తుపాకీ, వెనక టీవీ. రెంటి మధ్య నా చెయ్యి స్విచ్చి మీద ఎన్నిసార్లు ఆడిందో నాకే తెలియదు. చివరికి సుబేదార్ సాబ్ తీగనే పీకి అవతల పారేశాడు.

కాసేపటికి ఉప్పుటేటి అవతలి పోస్టు నుంచి వైర్‌లెస్‌లో కబురొచ్చింది. మీ దీపాల సంకేతం అందింది, అక్షరాలు రాసుకున్నాం, కానీ ఏ కోడ్‌లో పంపారో అర్థం కావడం లేదు, దయచేసి తెలపండి. ఇంతలో పక్క ఊళ్లోంచి నలుగురు ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని గేటు దగ్గరికి వచ్చి, ఇక్కడ ఏ దేవుడి ఉత్సవమని అడిగి వెళ్లారు. అదృష్టం బాగుండి ఆ వెలుతురు చూడకూడనివాళ్లెవరూ, అంటే మా మీద తుపాకీ ఎత్తేవాళ్లెవరూ, చూడలేదు. చూసి ఉంటే ఈ కథ చెప్పడానికి నేను ఉండను, నా పేరు చెప్పలేదేమని దెప్పడానికి మావాళ్లూ ఉండరు.

పొద్దున్నే నన్ను సీఓ గారి ముందు నిలబెట్టారు. సుబేదార్ సాబ్ నా నేరాలన్నీ చదివాడు. నా బతుకు అయిపోయిందనుకున్నాను.

సీఓ గారు అంతా విని ఒకటే అడిగారు. "బొమ్మ వచ్చిందా?"

జవాబు చెప్పాల్సింది సుబేదార్ సాబ్. అబద్ధమాడితే నా పీడ జన్మంతా వదిలేది. "వచ్చింది సాబ్. చాలా బాగా వచ్చింది" అన్నాడు. ఆ మనిషికి నేను మనసులో అప్పుడే సెల్యూట్ చేశాను.

"అయితే పందెం ఇతనిదే. దర్బార్‌లో నోరు ఇతని హక్కు. లైట్ల లెక్క వేరే."

లైట్ల లెక్క ఇది. బల్బులు పీకేటప్పుడు ఒక పక్క కట్టు ఊడింది. తాడు వదిలితే యాంటెన్నా తిరిగిపోతుంది, బొమ్మ పోతుంది. కాబట్టి వీపున నిండు మూట, నెత్తిన ఇనప టోపీ పెట్టుకుని, ఆదివారం సినిమా అయిపోయేదాకా గోదాము వెనకాల ఎండలో ఆ తాడు పట్టుకుని నేను నిలబడాలి.

సినిమా మొదలైంది. రాజారత్నం సరుకుల కోసం లారీ తీసుకుని ఓడరేవుకు వెళ్లాడు. లోపల ఉన్న అంతమందిలో తెలుగు ముక్క వచ్చినవాడు లేడు. అయినా ఒక్కడూ లేచి రాలేదు. నేను తెచ్చిన బొమ్మ కదా. కాసేపటికి కిటికీ దుప్పటి పక్కకు జరిగింది. సుబేదార్ సాబ్ మొహం.

"మస్తాన్, ఈ ముసలామె ఎందుకేడుస్తోంది?"

"ఏ ముసలామె సాబ్? నాకు గోడే కనపడుతోంది."

"తెల్లచీర కట్టుకుంది."

నేను చెవులు రిక్కించి విన్నాను. "ఆమె తల్లి సాబ్. పొలం గట్టు జరిపాడని కొడుకులిద్దరూ కొట్టుకున్నారు. పెద్దోడు ఇల్లొదిలి పోతున్నాడు."

"గట్టంటే?"

"ఇద్దరి పొలాలకూ మధ్య హద్దు సాబ్."

ఆయన లోపలికి తిరిగి ప్రకటించాడు. "బోర్డర్ గొడవ." గోదామంతా ఒక్కసారి ఆహా అంది. ఇక అక్కడినుంచి వాళ్లు చూసింది నాకు చెప్పడం, నేను విన్నది వాళ్లకు చెప్పడం. కళ్లు వాళ్లవి, చెవులు నావి. మా ఊరి గట్టు తగాదాకు ఒక పంజాబీ ముక్కు చీదడం గోడ ఇవతలికి వినిపించింది. అంత గొప్ప ప్రేక్షకులు మన హాళ్లలో కూడా ఉండరు.

చివరి ఘట్టం. చిన్నోడి పెళ్లి జరుగుతోంది. తల్లి పెద్దోడికి కబురంపింది. వాడొచ్చి గడప బయట నిలబడ్డాడట. నేను తాడు వదలకుండానే గోడకు చెవి ఆనించాను. సరిగ్గా అప్పుడే నెత్తి మీదికి హెలికాప్టర్ వచ్చి క్యాంపులో దిగడం మొదలుపెట్టింది. దాని రొద ఆగేసరికి లోపల చప్పట్లు. సినిమా అయిపోయింది.

ఏమైంది అని అడిగాను. వాడు లోపలికొచ్చాడని ఒకడన్నాడు. తలుపు మూశారని ఇంకొకడన్నాడు. కంట్లో నలక పడి సరిగ్గా చూడలేదని సుబేదార్ సాబ్ అన్నాడు. సినిమా పేరైనా చెప్పండంటే, అక్షరాలు జిలేబీల్లా ఉన్నాయని అందరూ ఏకగ్రీవంగా చెప్పారు.

ఆ తర్వాతి దర్బార్‌లో సీఓ గారు పాయింట్లు ఉన్నాయా అన్నారు. లేచాను. ఆ సినిమా ముగింపు ఏమిటో నాకు తెలియజేయాలి సాబ్ అన్నాను. "రాసుకోండి" అన్నారాయన. రాసుకున్నారు. అంతే.

ఇందుమూలంగా నేను ఒట్టుపెట్టి చెబుతున్నాను. ఇకమీదట ఏ దేశంలోనూ, ఏ సముద్రం ఒడ్డునా, నా చేతులు కాళ్లబేరానికి వచ్చినా సరే, ఏ యాంటెన్నాకూ ఒక్క బల్బు కట్టను. నా పేరు కూడా ఎవరూ ఎత్తనక్కర్లేదు, పకోడీలు తింటూ కూర్చుంటాను. కానీ ఆ ఆదివారం గోదాములో కూర్చున్నవాళ్లలో ఎవరైనా, బతికున్నవాళ్లు ఎవరైనా, ఇప్పటికైనా నాకు జవాబు చెప్పి తీరాలి. పెద్దోడు ఆ గడప దాటి లోపలికొచ్చాడా, లేదా?