బారెడు దూరం

గల్ఫ్‌లోని జెబెల్ అలీలో నేను పనిచేసిన ఆఫీసుకి అప్పుడప్పుడూ జపాన్ నుంచి పెద్దవాళ్ళు వచ్చేవారు. వాళ్ళు వస్తున్నారంటే మా మేనేజరుకి కాలు నిలిచేది కాదు. ఆయనా తెలుగాయనే, విజయవాడ మనిషి. ఓసారి మా తెలుగువాళ్ళందరినీ నా కుర్చీ దగ్గర పోగేసి పాఠం మొదలుపెట్టాడు.

"యల్లా, అందరూ వినండి. జపానోళ్ళు మనిషిని ముట్టుకోరు. బారెడు దూరంలో నిలబడి నడుం వంచాలి, అంతే. భుజమ్మీద చెయ్యేశారంటే వాళ్ళకి ఒళ్ళు మండిపోద్ది. అర్థమైందా?"

ఇదంతా చెబుతున్నంతసేపూ ఆయన చెయ్యి నా భుజం మీదే ఉంది. కంప్యూటర్ చూసే వంకతో వెనక నిలబడి రోజూ వేసే చెయ్యే అది. నేను ఎన్నిసార్లు పక్కకి జరిగినా దానికి అర్థమయ్యేది కాదు.

ఆ రోజు లేచి, బారెడు దూరం జరిగి, ఆయనకి నడుం వంచాను.

ఆయన పకపకా నవ్వాడు. "నాకెందుకమ్మా ఇదంతా? నేనేమన్నా జపానోణ్ణా? మనలో మనకేంటి?"

"ఒళ్ళు మండేది నాకు సార్" అన్నాను.

ఆయన ఇంకా గట్టిగా నవ్వాడు. ఆ మహానుభావుడి లెక్కలో, ఒంటికి మర్యాద దక్కాలంటే ముందు జపాన్‌లో పుట్టి రావాలి.