ఎడమ పురి తాడు

ముందుగా ఒక మాట. నా చేతిరాత బాగుండదు. ఒత్తులు, దీర్ఘాలు మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా నేర్పినంతే తెలుసు. అచ్చు వేసేవారు దిద్దుకోవాలి, చదివేవారు మన్నించాలి. పోయిన నెల మా వదినె చనిపోయింది. ఆమె గురించి నాలుగు ముక్కలు రాయాలని కూర్చున్నాను. నేను మాట్లాడే మనిషిని కాను. మా ఇంట్లో మాటలన్నీ ఆమెవే.

ఆ రోజు మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని జనుము నార పేనుతోంది. నేను ఎదురుగా నార దువ్వుతున్నాను.

"మర్దీ, జర ఈ కొస పట్టు" అంది.

పట్టుకున్నాను. కాసేపటికి అటు కొస వదులైంది. ఏదో పరాచికం ఆడుతోందనుకొని నేను అట్లాగే పట్టుకుని కూర్చున్నాను. ఆమె ఆడే పరాచికాలు అట్లాగే ఉండేవి మరి. తల గోడకు ఆనించి కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరవలేదు. పేనిన తాడు ఇంకా చేతిలోనే ఉంది.

మా అన్న చిన్న వయసులోనే పోయాడు. అప్పటి నుంచి ఆమె తాళ్ళు పేని పెబ్బేరు పశువుల సంతలో అమ్మేది. నేను మూట మోసేవాణ్ణి. మా వైపు ఒక పద్ధతి ఉంది. ఎద్దును అమ్మినవాడు దాని మెడలోని పలుపు మాత్రం ఇవ్వడు. విప్పి భుజాన వేసుకొని ఇంటికి తీసుకుపోతాడు. పలుపు పోతే కొట్టంలోని లక్ష్మి కూడా దాని వెంటే పోతుందంటారు. కొన్నవాడు కొత్త తాడు కట్టి తోలుకుపోవాలి. అందుకని సంతలో ఎన్ని ఎద్దులు చేతులు మారితే మా వదినెకు అంత బేరం.

తాడు గట్టిదేనా అని ఎవరైనా అడిగితే ఆమె జవాబు చెప్పేది కాదు. ఒక కొస నడుముకు చుట్టుకొని రెండో కొస వాళ్ళ చేతికిచ్చేది.

"గుంజు. తెగితే ఉత్తగనే తీస్కపో. నువ్వు పడితే రెండు కొనాలె."

ఒకసారి గట్టు అనే ఊరి నుంచి వచ్చిన ఒక దిట్టమైన ఆసామి మీసం సవరించుకొని గుంజాడు. వదినె సన్నగా ఉండేది. అయినా మడమలు నేలకు తన్నిపెట్టి నిలబడింది. ఆయన మెడ నరాలు పొంగేదాకా గుంజనిచ్చి, చటుక్కున నడుముకున్న చుట్టు వదిలేసింది. ఆయన వెనక్కి పోయి పేడలో కూర్చున్నాడు. సంతంతా నవ్వింది.

"ఏందమ్మా, గిదేం బేరం?" అన్నాడు లేవకుండానే.

"తాడయితే తెగలే గద అన్నా. రెండియ్యాల్నా, మూడా? ధోతి మాత్రం నా దగ్గర దొర్కది."

ఆయన మూడు కొన్నాడు. తరువాత ఎప్పుడు సంతకు వచ్చినా ముందు మా మూట దగ్గరికే వచ్చి, కొత్తవాళ్ళను తీసుకొచ్చి గుంజించి తమాషా చూసేవాడు.

నన్ను కూడా వదిలేది కాదు. "మా మర్ది నోట్లకెళ్ళి మాట రావాలంటే ముకుతాడు ఏసి గుంజాలె" అని పదిమందిలో అనేది. నేను తల వంచుకొని నవ్వేవాణ్ణి. నా పెండ్లిచూపుల్లో నా తరఫున మాట్లాడింది కూడా ఆమే. అమ్మాయి వాళ్ళకు సంబంధం నచ్చింది ఆమెను చూసేనని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఆమెకు ఒక్కతే బిడ్డ. ఆ పిల్లది ఎడమచేతి వాటం. అందరూ పేనే తాడులో పురి ఒక దిక్కుకు తిరుగుతుంది. ఆ పిల్ల పేనితే రెండో దిక్కుకు తిరిగేది. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. చేతికి తీసుకుంటే తాళ్ళ పని తెలిసినవాళ్ళకు వెంటనే తెలుస్తుంది. రైతులు వాటిని ఉల్టా తాళ్ళు అనేవారు, ఎద్దుకు అచ్చిరాదని పక్కన పెట్టేవారు. చేతివాటం మాన్పించమని వదినెకు చెప్పనివాళ్ళు లేరు.

"నా బిడ్డ చేయి మీ ఎడ్ల కోసం మార్పియ్యాల్నా? ఎడ్లనే మార్చుకోన్రి" అనేది.

పిల్ల కూడా తల్లికి తగ్గదే. ఒకనాడు నా పక్కన కూర్చుని, "చిన్నాయినా, నా తాడు కట్టిన ఎద్దు దారి తప్పితే ఎడమకే తిరుగుతది. ఎతుకుడు అల్కగ ఉంటది" అంది. నేను చాలాసేపు నవ్వాను. వదినె చూసి, "మూగోన్ని నవ్విచ్చినవు బిడ్డా, నువ్వు పాసైనట్టే" అంది.

నిజంగానే ఆ ఏడు పది పాసైంది. పదహారేళ్ళు. సంత రోజున ఇంటరు ఫారం తెచ్చుకుంటానని వనపర్తి బస్సెక్కింది. ఆ రోజు అమ్ముడుపోనివి రెండే తాళ్ళు మిగిలాయి. రెండూ తను పేనినవే. వాటిని భుజాన వేసుకొని, "వనపర్తిల ఎవరికన్న అంటగట్టొస్త. పొద్దుగూకకముందే వస్త" అంది. బస్సు కిటికీలోంచి ఎడమ చేయి ఊపింది. వనపర్తి బస్టాండులో దిగిందని ఒకరు చెప్పారు. ఆ తర్వాత చూసినవాళ్ళు లేరు. ఇది జరిగి పన్నెండేళ్ళు.

వెతికాం. గద్వాల, నాగర్‌కర్నూల్, వనపర్తి బస్టాండులన్నిటిలో ఫొటో అంటించాం. పోలీసువాళ్ళు కూడా వెతికారు. వదినె ఆరు నెలలు సంతకు రాలేదు. ఏడో నెలలో ఒక పొద్దున మూట కట్టి, "లే మర్దీ, ఎడ్లు నా కోసం సూస్తుంటయి" అంది. ఆ రోజే మళ్ళీ నడుముకు తాడు చుట్టుకుంది. చూసి ఒకామె, బిడ్డ పోయినదానికి నవ్వు ఎట్లా వస్తుందని మొహం మీదే అడిగింది.

"ఏడ్సి ఏడ్సి మొకం మారిపోతే, రేపు నా బిడ్డ వచ్చి ఎవరీ ముసల్ది అనద్దా?" అంది వదినె.

నవ్వు ఆమెకు ఊరికే వచ్చేది కాదని ఆ రోజు నాకు తెలిసింది. బిడ్డ గుర్తుపట్టడానికి ఆ మొహాన్ని అట్లాగే ఉంచుతోంది.

ఇంట్లో తలుపు పక్కన కొయ్యకు ఆ పిల్ల మొట్టమొదట పేనిన తాడు వేలాడదీసింది. "పలుపు ఇంట్ల ఉన్నంతసేపు పశువు దారి మరువది. మనిషి మరుస్తదా?" అనేది.

పిల్ల పోయిన మూడేళ్ళకు నాగర్‌కర్నూల్ దిక్కు ఒకడు పట్టుబడ్డాడు. ఒంటరిగా దొరికిన ఆడవాళ్ళను మాయమాటలతో తీసుకుపోయి చంపేవాడట. ఎందరినో వాడికే సరిగా లెక్కలేదట, ఏ పేరు అడిగినా ఉండొచ్చు అన్నాడట. దాంతో చుట్టుపక్కల తప్పిపోయిన ఆడపిల్లల ఫైళ్ళన్నీ బయటికి తీశారు. మమ్మల్నీ పిలిచారు. వాడి దగ్గర దొరికిన వస్తువుల్లో ఒక జనుము తాడు ఉంది. మా పిల్ల పోయేటప్పుడు భుజాన తాళ్ళు ఉన్నాయని ఫైలులో రాసి ఉంది. ఇది ఆ తాడేనని తల్లి సంతకం పెడితే రెండు కేసులూ కలిపేస్తామన్నారు. ఎస్సై చిన్నవాడు, మర్యాదస్తుడు. మాకు కుర్చీలు వేయించాడు.

వదినె తాడును చేతిలోకి తీసుకుంది. చూపు కన్నా ముందు ఆమె బొటనవేలు పురి మీద పోయింది. కొస పట్టి రెండు మెలికలు విప్పింది.

"అమ్మా, ఇప్పకు. అది సాక్ష్యం" అన్నాడు ఎస్సై.

"మళ్ళ పేనిస్త తియ్యి సార్. ఇది నేను పేనిందే. నా బిడ్డది గాదు."

"ఎట్ల చెప్తవు?"

"దానిది ఎడమ పురి. ఇది కుడిది. గా దినం అది తీస్కపోయినయి రెండూ ఎడమవే. ఇది సంతల ఎవరో కొన్నది. మూడు జిల్లాల ఎడ్లు నా తాళ్ళే కట్టుకున్నయి సార్. అన్నిటిని పట్టుకొస్తరా ఏంది?"

ఎస్సైకి తేడా కనబడలేదు. తాడును అటూ ఇటూ తిప్పి చూశాడు. అప్పుడు నేను నోరు తెరిచాను. నా అంతట నేను ముందుగా మాట్లాడిన సందర్భాలు నా జన్మలో తక్కువ. "వదినే, సంతకం పెట్టు. దినాలు జేస్కుందం. ఎన్ని రోజులని ఎదురుసూస్తవు?" అన్నాను. ఆమె అలసిపోయిందనుకున్నాను. అలసింది నేనేనని తర్వాత అర్థమైంది.

ఆమె నా వైపు చూడలేదు. ఎస్సైతో అంది, "వాడు సంపిండేమో నాకు తెల్వదు సార్. సంపలేదని నేను అంటలేను. ఈ తాడు మాత్రం దానిది గాదు. తప్పు తాడుకు నా బిడ్డను కట్టెయ్య."

ఆ కాగితం ఖాళీగానే ఉండిపోయింది. ఫైలు మూయలేదు. లేచేటప్పుడు ఎస్సై నెమ్మదిగా, బల్మూర్‌లో తన తండ్రికి రెండు బర్రెలున్నాయని, తాళ్ళు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు.

"పెబ్బేరుకు రా సార్. మొదలు గుంజాలె" అంది వదినె.

ఆయన వచ్చాడు. యూనిఫాం లేకుండా వచ్చి గుంజాడు. పడ్డాడు కూడా.

బస్సులో వచ్చేటప్పుడు ఆమె కిటికీ దిక్కే చూస్తూ కూర్చుంది. నాకు గుబులైంది. మా ఊరు దగ్గర పడ్డాక అంది, "ఏడాదికోసారి నోరు తెరుస్తవు మర్దీ. గీసారి మూసుకున్నా మంచిగుండె." అని నవ్వింది. అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ నవ్వుకు నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను.

ఆమె పోయిన పదకొండో రోజు దినం చేశాం. ఆమె పేనిన తాళ్ళు ఒక మూటెడు మిగిలాయి. మూట అరుగు మీద పెట్టుకొని కూర్చోవడం ఆమెకు నచ్చేది కాదు. అందుకని ఆ వారం సంతకు నేనే తీసుకుపోయాను. గుంజమని ఎవరికీ చెప్పలేకపోయాను. తెలిసినవాళ్ళు వచ్చి తలా ఒకటి తీసుకున్నారు. ఆనాడు పేడలో కూర్చున్న ఆసామి కూడా వచ్చాడు. కొస నా నడుముకు తనే చుట్టి గుంజి, కావాలని కింద కూర్చున్నాడు. ఇద్దరం నవ్వాం. కళ్ళు తుడుచుకున్నాం.

మూట ఖాళీ అయ్యాక తిరిగి వస్తున్నాను. ఒక రైతు తన ఎద్దును అమ్మి పలుపు విప్పుకుంటున్నాడు. దాన్ని భుజాన వేసుకుంటుంటే, పక్క నుంచే పోతున్న నా కన్ను పురి మీద పడింది. ఎడమకు తిరిగి ఉంది. తాడు పాతది కాదు.

నోరు తెరిచాను.

"అన్నా, ఆ పలుపు..."

"పలుపు ఇయ్యరాదు పెద్దాయినా. పద్ధతి గాదు."

"వద్దు. జర సూసిస్త."

చేతికిచ్చాడు. నా బొటనవేలు కూడా వదినె వేలిలాగే పోయింది. ఎక్కడ కొన్నావని అడిగాను. గట్టు దాటినాక తమ ఊరని, పోయిన ఎండాకాలం రాయచూరు దిక్కు ఒక సంతలో కొన్నానని చెప్పాడు.

"ఎవరు అమ్మిన్రు?"

"ఆడమనిషి. నేను మొకం సూడలే, తాడు సూసిన. ఆడ హగ్గ అంటరు దీన్ని. గిదేంది ఉల్టా ఉందమ్మా అన్న. ఆమె ఏదో అని నవ్విచ్చింది."

"ఏమన్నది?"

ఆయన పలుపు దిక్కు చూశాడు. "యాదికొస్తలేదు పెద్దాయినా. నేను నవ్వింది మాత్రం యాదుంది."

నేను పలుపు వదల్లేదు. ఆయన పరేషాన్ అయి చూశాడు. జరిగిందంతా చెప్పాను. ఒకేసారి నేను అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఆయన విని, కత్తి తీసి, పలుపు కొస జానెడు కోసి నా చేతిలో పెట్టాడు.

"పలుపు ఇయ్యరాదు. కొస ఇస్తే ఏం గాదు" అన్నాడు.

ఎడమచేతి వాటం వాళ్ళు లోకంలో ఎందరో ఉంటారు. నాకు తెలుసు. ఈ మాట పోలీసువాళ్ళకు కూడా చెప్పి వచ్చాను. కొత్త ఎస్సై ఫైలు వెతికి తీసి, నేను చెప్పిందంతా రాసి అందులో పెట్టాడు. వదినె ఆనాడు మూయనివ్వలేదు కాబట్టి ఇంకో కాగితం పెట్టడానికి చోటు ఉంది.

ఈ రాసింది చదివేవారిలో గట్టు అవతల, రాయచూరు దిక్కు సంతలకు పోయేవారు ఉంటే, ఎడమ పురి తాళ్ళు అమ్మే ఒకామెను చూసి ఉంటే, ఈ పత్రికకే ఒక ముక్క రాయండి. రైతు ఉల్టా తాడంటే ఆమె ఏమని నవ్విస్తుందో అది కూడా రాయండి. ఆ మాట నాకు తెలిసినదే కావచ్చు. జానెడు కొసను తలుపు పక్కన పాత తాడు పక్కనే కట్టాను. గాలి వచ్చినప్పుడు రెండూ ఒకే దిక్కుకు తిరుగుతున్నాయి. నేను అరుగు మీద వాటికి ఎదురుగా కూర్చుంటున్నాను. జవాబు జర తొందరగా రాయండి.