పాట కిటికీ వైపే ఉండిపోయిన ఆదివారం

నా చిన్నప్పుడు పాట విని వణికిపోయిన రోజు ఒకటుంది. పాటకి భయపడటమేమిటని నవ్వకండి. దయ్యాలకీ బల్లులకీ కూడా బెదరని నేను, మా ఇంటికి కొత్తగా వచ్చిన రెండు స్పీకర్ల ముందు కూర్చుని చెమటలు కక్కాను.

అప్పుడు మేం ఢిల్లీ కంటోన్మెంటులో ఉండేవాళ్ళం. నాన్నది వైమానిక దళంలో ఉద్యోగం. మాది గుంటూరు వైపే గాని, నాకు ఊహ తెలిసింది ఆ క్వార్టర్లలోనే. ఆ ఏటి చలికాలంలో నాకు గవదబిళ్ళలు వచ్చాయి. బుగ్గలు పూరీల్లా పొంగి, జ్వరంతో కొన్నాళ్ళు మంచాన పడ్డాను. తర్వాత వాపు తగ్గింది, బడికి పంపారు, ఆ సంగతి అందరూ మరిచిపోయారు. నేను మాత్రం ఒకటి కనిపెట్టాను. మధ్యాహ్నం ఎడమ పక్కకి తిరిగి, ఆ చెవి దిండులో పెట్టుకుని పడుకుంటే లోకమంతా ఆగిపోయేది. మా డాబా మీదుగా పోయే విమానం మోత కూడా వినిపించేది కాదు. కుడి పక్కకి తిరిగితే మళ్ళీ అన్నీ మామూలే. నా కుడి చెవి పోయిందని నాకు నేనుగా అలా తెలుసుకున్నాను.

ఎవరికీ చెప్పలేదు. అందుకు కారణం మా వెనక లైనులో ఉండే ఒక పంజాబీ పిల్ల. ఆమెకి పుట్టుకతోనే వినపడదు. ఒక రోజు రేకు పెట్టె, పరుపు చుట్ట జీపులో పెట్టి, ఎక్కడో కొండల్లో ఉన్న హాస్టలుకి ఆమెని తీసుకుపోయారు. వాళ్ళమ్మ చున్నీ వదలనని ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు మా గుమ్మం దాకా వినిపించింది. చెవులు పనిచేయకపోతే ఇంట్లోంచి పంపించేస్తారని ఆ రోజే నా మనసులో స్థిరపడిపోయింది. మా మంచం కింద కూడా ఒక రేకు పెట్టె ఉండేది. దాన్ని చూస్తే నా గుండె గుభేలుమనేది.

అమ్మ వంటింట్లోంచి పిలిచిపిలిచి విసిగిపోయేది. “చెవుల్లో సీసం పోసుకున్నావటే? ఉలకవు, పలకవు!” అని తిట్టేది. ఆ తిట్లు నాకు ఎంత హాయిగా ఉండేవో చెప్పలేను. నాకు పొగరనుకుంటే అనుకోనీ, చెవుడనుకోకపోతే చాలు. బడిలో కుడి చెయ్యి గోడకి ఆనేలా చివర కూర్చునేదాన్ని. రోడ్డు మాత్రం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటేదాన్ని. ఒకసారి నా గౌను అంచుకి తగిలేంత దగ్గర్లో ఒక స్కూటరు కీచుమని ఆగింది. “బహరీ హై క్యా?” అని అరిచాడు దాని మీదాయన, చెవుడా నీకు అని. ఆ మాట మా వాళ్ళెవరైనా విన్నారేమోనని చుట్టూ చూసుకున్నానే గాని, చావు తప్పిందన్న ఆలోచనే నాకు రాలేదు.

అలాంటి రోజుల్లో నాన్న ఎన్నాళ్ళుగానో ఆశపడిన స్టీరియో కరోల్ బాగ్ బజారు నుంచి మా ఇంటికొచ్చింది. నాన్న కొలతల మనిషి. టేపు పట్టుకుని గోడకీ స్పీకర్లకీ మధ్య దూరం కొలిచి, సుద్దతో గీతలు గీసి, రెంటినీ సరిసమానంగా నిలబెట్టారు. ఆదివారం పొద్దున మా పిన్ని వచ్చింది. అమ్మకి చెల్లెలు. రేడియో స్టూడియోలో పాటలు రికార్డు చేసే ఉద్యోగం, ఉండేది ఉద్యోగినుల హాస్టల్లో. అక్కడి రాజ్మా తినలేక ఆదివారాలు అమ్మ చేతి పప్పు కోసం మా ఇంటికి వచ్చేది. నాన్న గీసిన గీతలు చూసి పకపకా నవ్వింది.

“బావా, టేపు పెట్టి కొలిస్తే బీరువా కుదురుతుందేమో గాని పాట కుదరదు. వినాలి” అంది.

సంచీలోంచి ఒక క్యాసెట్ తీసింది. తను రికార్డు చేసిన కచేరీయే. మైకులు తనే పెట్టింది గనక పాడినావిడ ఎక్కడ కూర్చుందో, వయొలిన్ ఏ పక్కనో, మృదంగం ఏ పక్కనో తనకి తెలుసు. స్పీకర్లు సరిగ్గా కుదిరితే కళ్ళు మూసుకున్నవాళ్ళకి కూడా వాళ్ళంతా ఆయా చోట్ల కూర్చున్నట్టే వినిపించాలి. ముందే తెలిసిన చెవి మోసం చేస్తుంది, తెలియనివాళ్ళే విని చెప్పాలంది. గది మధ్యలో కుర్చీ వేసి నన్ను పిలిచింది.

“చిన్నపిల్లలవి పాము చెవులు. నువ్వు చెప్పవే. కళ్ళు మూసుకుని, ఆవిడ ఎక్కడుందో వేలెట్టి చూపించు.”

పాట మొదలైంది. నేను కిటికీ వైపు చూపించాను. కిటికీ నాకు ఎడమ పక్క. పిన్ని అచ్ఛా అనుకుంటూ రెండో స్పీకరుని ముందుకి జరిపి, నా వైపు కాస్త తిప్పింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ కిటికీ వైపే. ఇంకొంచెం జరిపింది. అయినా కిటికీయే. నాన్న ముఖం ఎర్రబడింది. దుకాణంవాడు పాడైపోయిన స్పీకరు అంటగట్టాడని, రేపే తీసుకుపోయి వాడి మొహాన కొడతానని కేకలు మొదలుపెట్టారు. నాకు నోరెండిపోయింది. ఎక్కడో తప్పు జరుగుతోందని, అది నా వల్లేనని తెలుస్తూనే ఉంది. అబద్ధం చెబుదామన్నా ఏ అబద్ధం చెప్పాలో తెలియలేదు.

“ఆగు బావా, తీగలు మార్చి చూద్దాం. లోపం స్పీకరుదా, పాటని పంపే ఆ వెనక పెట్టెదా తేలిపోతుంది” అంది పిన్ని. కుడిదాని తీగ ఎడమదానికి, ఎడమదాని తీగ కుడిదానికి తగిలించింది. లోపం పెట్టెలో ఉంటే పాట అటు పక్కకి దూకాలట. లేకపోతే స్పీకరుదే తప్పట. నాకవేవీ అర్థం కాలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, మళ్ళీ కిటికీనే చూపించాను.

“చూశావా, స్పీకరే!” అంటూ నాన్న నన్ను లేపి తను కూర్చున్నారు. కాసేపు విన్నారు. “అదేమిటి, కిటికీ వైపు కాదే, ఇటు కుడికే ఉందిగా!” అన్నారు.

తల ఎత్తేసరికి పిన్ని స్పీకర్లని చూడటం లేదు. నన్ను చూస్తోంది. అంత భయం నేను మళ్ళీ జన్మలో ఎరగను.

పిన్ని ఏమీ బయటపెట్టలేదు. నాన్నని సమోసాలకని బజారుకి తోలింది, అమ్మని టీ పెట్టమంది. పాట ఆపి, నా ఎడమ పక్కకి వచ్చి గొంతుక్కూర్చుంది.

“ఎప్పట్నుంచే తల్లీ?” అంది మెల్లగా.

ఏడుపు తన్నుకొచ్చింది. “పెట్టె సర్దొద్దని చెప్పు పిన్నీ, నేను ఎక్కడికీ వెళ్ళను” అన్నాను. ఏ పెట్టో ఆమెకి మొదట అర్థం కాలేదు. వెక్కుతూ అంతా చెప్పాను. నాన్నకి చెప్పనని ఒట్టెయ్యమన్నాను. ఆమె వెయ్యలేదు.

“అట్టా ఒట్టేస్తే నేను అబద్ధమాడినట్టే. బస్సు కింద పడితే ఎవరే దిక్కు? నువ్వే చెప్పు. నీ చెయ్యి పట్టుకునే ఉంటాను.”

నాన్న వచ్చారు. పొట్లం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. నేను పిన్ని చెయ్యి నలిపేస్తూ, నేల చూస్తూ చెవి సంగతీ, పెట్టె భయమూ చెప్పేశాను. నాకు అప్పుడే జీపు చప్పుడు వినిపిస్తున్నట్టే ఉంది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మ “సీసమన్నానే, నా నోరు పడిపోను” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న నా ముందు కింద కూర్చున్నారు. “నిన్ను పంపడమేంటమ్మా? ఎక్కడికి?” అన్నారు. ఆయన గొంతు కూడా వణికింది. నాతో పాటు ఆయనా భయపడుతున్నారని అప్పుడు తెలిసింది. ఎందుకో నా భయం సగం దిగిపోయింది.

మిలిటరీ ఆసుపత్రిలో చూపించారు. గవదబిళ్ళలకి నరం చచ్చిపోయింది, ఆ చెవికి ఇక వినికిడి రాదన్నారు. నన్ను మాత్రం ఎక్కడికీ పంపలేదు. ఆ తర్వాత వచ్చినప్పుడు పిన్ని స్టీరియో మీదున్న ఒక చిన్న మీట చూపించింది. అది నొక్కితే రెండు స్పీకర్లలోనూ అంతా ఒకేలా వస్తుంది, ఒక్క చెవితో విన్నా ఏమీ పోదు. నాన్న అంత మోజుపడి కొనుక్కున్న స్టీరియో అప్పుడు మామూలు రేడియోతో సమానం. అయినా నేను గదిలోకి అడుగుపెడితే చాలు, ఆయన చెయ్యి ఆ మీట మీదకి పోయేది.

ఇప్పుడు ఢిల్లీలోనే, మయూర్ విహార్‌లోని మా సొసైటీ పార్కులో కొత్తవాళ్ళు పలకరించినప్పుడల్లా నాకు నోరెండిపోతుంది, ఇంత వయసొచ్చినా సరే. ఉన్న కాస్త తడీ ఆరకముందే “అటు చెవి వినపడదండీ” అనేస్తాను. ఇంతవరకు ఎవరూ లేచి వెళ్ళిపోలేదు. ఇటు వచ్చి కూర్చుంటారు, అంతే.