ఓటు లేని మంత్రులు

ఫ్రాన్స్‌లో కొత్త ప్రధాని ఒకాయన వారాల తరబడి కూర్చుని మంత్రివర్గాన్ని కూర్చాడు. ఆదివారం సాయంత్రం పేర్లు చదివారు. సోమవారం పొద్దున ఆయన రాజీనామా ఇచ్చేశాడు. చదివిన పేర్లలో చాలావరకు పాత మొహాలే. మునుపెప్పుడో ఆర్థికశాఖ చూసిన పెద్దమనిషిని రక్షణశాఖకు తెచ్చారట, ఆ సంగతి తనకు ముందుగా చెప్పలేదని మిత్రపక్షం నాయకుడు అలిగాడట. అంతటి దేశం అక్కడితో ఆగిపోయింది. అడిలైడ్ శివారు మాసన్ లేక్స్‌లో మా అద్దె ఇంట్లో ఫ్రిజ్ అరలు పంచుకున్న ఒప్పందం ఇంతకంటే ఎక్కువ కాలం నిలిచింది, అందులో ఎండుచేపలు దాచేవాడు కూడా ఉన్నాడు.

ఎండుచేపలవాడు మా ఫ్లాట్‌మేట్, తెనాలి వైపు మనిషి. ఇద్దరం అడిలైడ్‌లో ప్రభుత్వ పాలన మీద మాస్టర్స్ చేస్తున్నాం. యూరప్ ప్రభుత్వాల గురించి ఒక సబ్జెక్టు తీసుకున్నాం, అదొక్కటే మా ఇద్దరి టైమ్‌టేబుల్‌లో పట్టింది కాబట్టి. వాడికి డార్విన్‌లో ఒక ఆసుపత్రి ఆఫీసులో ఉద్యోగం ఖాయమైంది, ఈ సెమిస్టర్‌తో డిగ్రీ పూర్తవ్వాలన్న షరతు మీద. మిగతావన్నీ గట్టెక్కాడు. ఈ సబ్జెక్టులో మాత్రం రాసిన వ్యాసం తన్నేసింది.

సరిగ్గా అప్పుడే మా ట్యూటర్‌కి ఫ్రాన్స్ వార్త దొరికింది. క్లాసునే పార్లమెంటు చేస్తానంది. అందరూ తలా ఒక పార్టీలో సభ్యులు, ఒకరు అధ్యక్షులు, ఒకరు ప్రధాని. గడువులన్నీ కుదించి మొత్తం ఆట ఒక్క మధ్యాహ్నంలో తేల్చేయాలి. క్లాసు ముగిసే సమయానికి ప్రభుత్వం నిలబడి ఉంటే ప్రధానికి మంచి మార్కులు, పడిపోతే దాదాపు ఏమీ లేవు. ఆ పాత్రకి ఎవరూ ముందుకు రాలేదు, మావాడు తప్ప.

"అసలు మనిషే ఒక్క రాత్రి ఆగలేదు. నువ్వు ఆగుతవారా?" అన్నాను.

"వాళ్ళకి మేనేజ్‌మెంట్ రాదురా. క్యాబినెట్ అంటే ఏంటో మనోళ్ళని చూసి నేర్చుకోవాలి."

వాడి సిద్ధాంతం సులువైనది. పదవి ఇస్తే ఎవడైనా మనవాడే. ఆ వారమంతా మా ఇంట్లో బిర్యానీ, ఫోన్లు, గుసగుసలు. ఫోన్ పట్టుకుని పెరట్లో తిరుగుతూ "నీకు హోం ఫిక్స్ బ్రో, బయట చెప్పకు" అని ఒకే సాయంత్రం ఇద్దరికి చెప్పడం విన్నాను. తర్వాత ఇద్దరికీ సర్దలేక ఆ శాఖని రెండు ముక్కలు చేశాడు. అదే దారిలో చేపలు ఒకరికి, సముద్రం ఒకరికి. యువజనం ఒకరికి, క్రీడలు ఒకరికి. ఫ్రాన్స్‌లో ఏ నది ఎటు పారుతుందో తెలియని మనిషికి నదులశాఖ. ఆ మనిషి మర్నాడు క్లాసుకి కోటు వేసుకొచ్చాడు. ఇదంతా చూసి నవ్వొచ్చిందని చెబితే అబద్ధం. చిరాకేసింది. లేని దేశంలో లేని కుర్చీ కోసం ఇంత ఎగబడినవాళ్ళు ఉన్న కుర్చీ దొరికితే ఏం చేస్తారో ఊహించుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

నాకు సముద్రాల అవతలి దీవుల శాఖ ఇస్తానన్నాడు.

"ఆ దీవులకు టికెట్ ఎవడిస్తడు?"

"నీకు సీరియస్‌నెస్ లేదురా. అందుకే ఎదగట్లేదు" అని లేచి వెళ్ళిపోయాడు.

గురువారం మధ్యాహ్నం క్లాసు. అధ్యక్షురాలు కర్నూలు అమ్మాయి, వాళ్ళ నాన్నది అక్కడ టైల్స్ వ్యాపారం. బేరాలు చూస్తూ పెరిగిన మొహం. "ఏం బ్రో, మీ మంత్రులు వచ్చినారా, ఇంకా తింటాండారా?" అంది. మావాడు నవ్వకుండా పేర్లు చదివాడు. మా పక్షంలో నేను తప్ప అందరూ మంత్రులే. ప్రతి పేరుకీ చప్పట్లు, చప్పట్లు కొట్టేదీ మంత్రులే.

అక్కడితో ఊరుకుని ఉంటే సరిపోయేది. వాడికి ఊపొచ్చింది. ఎవరూ అడక్కుండానే లేచి తన ప్రభుత్వం మీద తానే విశ్వాస ఓటింగ్ కోరాడు. "ష్యూరా?" అని ట్యూటర్ రెండుసార్లు అడిగింది. "హండ్రెడ్ పర్సెంట్" అన్నాడు. అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తమంది. గదిలో సగానికి పైగా చేతులు లేచాయి. మావాడు కాలర్ సర్దుకున్నాడు.

"మంత్రులు చేతులు దించండి" అంది ట్యూటర్.

ఫ్రాన్స్‌లో మంత్రి అయినవాడు పార్లమెంటులో ఓటు వేయకూడదు. ఒక నెల పోయాక వాడి సీటు వేరేవాడికి వెళుతుంది, ఆలోగా ఆ ఓటు గాల్లో ఉంటుంది. ఇది ఆమె క్లాసులో చెప్పింది. మావాడు ఆ రోజు క్లాసులోనే ఉన్నాడు. అసెంబ్లీలో చెయ్యెత్తే మంత్రుల్ని చూస్తూ పెరిగినవాడు కనుక ఆ మాట చెవికి ఎక్కలేదు. ఇప్పుడు ఒక్కొక్క చెయ్యీ దిగింది. మిగిలింది నా ఒక్కడిది. ఎదుటి పక్షాలు తీరిగ్గా చేతులెత్తాయి. ప్రభుత్వం పడిపోయింది. నదుల మంత్రి కోటు విప్పి కుర్చీకి తగిలించాడు.

కొత్త ప్రధాని కోసం అధ్యక్షురాలు గదంతా చూసింది. అందరూ ఫోన్లు చూసుకున్నారు, ఎందుకంటే ఆ పదవికి చివర్లో పెద్ద రిపోర్టు రాయాలి. "ఎవ్వరూ రారా? సరే బ్రో, మళ్ళా నువ్వే కూర్చో" అంది. ఇందులో వింతేమీ లేదు, అసలు ఫ్రాన్స్‌లోనూ రాజీనామా ఇచ్చినాయన్నే కొన్ని రోజుల్లో తిరిగి కూర్చోబెట్టారు. గొడ్డుపోయిన దేశాలకి ఈ విషయంలో తేడా ఉండదు.

ఈసారి మావాడికి కొత్త ఆలోచన వచ్చింది. పదవి ఇస్తే ఓటు పోతుంది కదా, అయితే పదవులు శత్రువులకి ఇస్తే సరి. "ధనికుల మీద పన్ను" అని బ్యాడ్జి పెట్టుకుని, మీతో చచ్చినా కూర్చోనని అరిచిన ఆస్ట్రేలియన్ కుర్రాడు పర్యావరణ శాఖ మాట పూర్తవ్వకముందే "యా, ఓకే" అన్నాడు. వలసలు ఆపాలనే పక్షం నాయకురాలు హోంశాఖ తీసుకుని, వలస వచ్చిన ప్రధానికి చెయ్యిచ్చి ఊపింది. నేను వాళ్ళ మొహాలు చూస్తూ ఉండిపోయాను. ఒక్కరికైనా సిగ్గేస్తుందేమోనని.

అయితే దిగిపోయిన పాత మంత్రులకి ఇప్పుడు ఓట్లు తిరిగొచ్చాయి. వాటితోపాటు అలక కూడా వచ్చింది.

"అంటే వారం రోజులు మమ్మల్ని తిప్పుకుని ఇప్పుడు వాళ్ళకిస్తావా?" అన్నాడు నదులవాడు.

"బిర్యానీ తిన్నారు కదరా."

"ఉప్పు ఎక్కువైంది బ్రో."

అందరూ కలిసి అవిశ్వాసం పెట్టారు. గదిలో సగం దాటారు. చర్చ అవగానే ఓటింగ్ అంది ట్యూటర్. మావాడు వచ్చి నా పక్క కుర్చీలో కూలబడ్డాడు. మొహంలో ప్రధాని లేడు.

"రేయ్, ఏదోటి చెయ్యరా. ఇది పోతే డార్విన్ పోయినట్టే."

చర్చలో మాట్లాడే హక్కు ఓటున్న ప్రతి సభ్యుడికీ ఉంది. ఎంతసేపన్నది నియమాల్లో రాయడం ట్యూటర్ మర్చిపోయింది. నేను చెయ్యెత్తి లేచి, మంత్రివర్గాన్ని పైనుంచి మొదలుపెట్టాను. పర్యావరణ మంత్రి సిద్ధాంతం ఆయన బ్యాడ్జి అంత వెడల్పు ఉందని, వెనక పిన్ను కూడా ఉంది కాబట్టి ఎక్కడైనా గుచ్చుకుంటుందని అన్నాను. హోం మంత్రి బొమ్మ అన్నాను, తాళం చెవి తిప్పితే ఎవరికైనా చెయ్యిస్తుందని. ప్రధాని ఇంట్లో ఫ్రిజ్ అర దాటి దేశాన్ని ఏలినవాడు కాదన్నాను. ఒక్కొక్కరినీ వదలకుండా వచ్చాను. జనం నవ్వారు, నదులవాడు గడియారం చూశాడు, "సబ్జెక్టుకి రావాలి" అని అరిచాడు. నేను నదులశాఖకి వచ్చాను.

ఇంకా ఇద్దరు ముగ్గురు మంత్రులు మిగిలి ఉండగానే తలుపు తెరుచుకుంది. తర్వాతి క్లాసు అకౌంటింగ్ వాళ్ళు లాప్‌టాప్‌లతో నిలబడ్డారు. గది వాళ్ళది. ఫ్రెంచి రిపబ్లిక్ సంచులు సర్దుకుంది. ట్యూటర్ తన నియమం తానే మరోసారి చదువుకుని, ఓటింగ్ జరగలేదు కనుక ప్రభుత్వం నిలబడినట్టేనని ఒప్పుకుంది.

మాసన్ లేక్స్ వచ్చేదాకా ట్రైన్‌లో మావాడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. స్టేషన్ దిగాక అన్నాడు.

"అందరి ముందు నా క్యాబినెట్‌ని పట్టుకుని అంతలేసి మాటలంటావా?"

"పాసైనవ్ కదరా."

"అది వేరే విషయం. నా హోం మినిస్టర్ని బొమ్మ అన్నావ్."

"బొమ్మనే."

డార్విన్ ఉద్యోగం వచ్చింది. విమానం ఎక్కే రోజు వరకు నాతో ముఖం ఇచ్చి మాట్లాడలేదు. వంట నా వంతైన రోజుల్లో మాత్రం ఆ కోపం పక్కన పెట్టి, రెండోసారి అన్నం వడ్డించుకున్నాడు.