సీతారాములు గాలిపెట్టె

“కిటికీ తెరిస్తే నా పిల్లకి ఊపిరాడదేమోనండీ!”

“పరేషాన్ కాకుండ్రి మేడం. గాలి ఎట్లున్నదో డబ్బానే చెప్తది,” అన్నాడు సీతారాములు.

దిల్‌సుఖ్‌నగర్ సందులో ఆయనది ప్రాజెక్టుల దుకాణం. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి ఇంజనీరింగ్ చదవడానికి వచ్చి, తాను గట్టెక్కకపోయినా, ఏటా ఎందరినో గట్టెక్కిస్తున్నాడు. ఆఖరి ఏడాది కుర్రాళ్లు చేయవలసిన ప్రాజెక్టు ఆయనే చేసిపెడతాడు. చేసేది ఒక్కటే, పేర్లే మారుతుంటాయి. కోళ్లఫారంలో గాలిని కొలిచిన పెట్టె మరుసటేడు బొగ్గుగనిలో కొలుస్తుంది. సకల జనుల సమ్మె రోజుల్లో షట్టరు మీద ‘జై తెలంగాణ’ అని రాసి, దాన్ని సగం దించి, కింద నుంచి వ్యాపారం సాగించాడు.

ఆ షట్టరు కింద వంగి వచ్చిన ఉదయలక్ష్మి ఫిజిక్సులో ఎమ్మెస్సీ. ఎల్బీనగర్ చౌరస్తాలో టైర్లు కాలడం టీవీలో చూసి, కొత్తపేటలో తన ఇంటి కిటికీలన్నీ బిగించేసింది. చంటిపిల్ల తన్మయికి దగ్గు. సీతారాములు తన పెట్టెకు అప్పటికప్పుడు ‘శిశురక్షక’ అని నామకరణం చేసి అమ్మేశాడు.

ఉయ్యాల పక్కన పెట్టెలో సెన్సరు. అది కొలిచిన అంకె తీగ లేకుండానే, పెట్టెతో పాటు ఇచ్చిన హాల్లోని చిన్న తెర మీదకు వస్తుంది. అంకె చిన్నదైతే గాలి మంచిది. అంకె చిన్నగానే ఉంది. దగ్గే పెద్దదవుతోంది.

“పిల్లకి ఆయాసంగా ఉందే అమ్మాయ్,” అంది అత్తగారు అమ్మాజీ, తలంటిన మనవరాలికి మూసిన గదిలో సాంబ్రాణి వేస్తూ.

“రీడింగు బాగుందండీ అత్తయ్యా,” అంది ఉదయలక్ష్మి, పిల్లను వదిలి తెర చూసివచ్చి. చదివిన చదువు ఊరికే పోదు కదా.

మళ్లీ చూసివచ్చేసరికి పొగలో అత్తగారు కంటికి ఆనడం లేదు. పిల్ల గొంతులో పిల్లికూతలు. అంకె మాత్రం అంగుళం కదల్లేదు. అంతలో మెట్ల మీద సీతారాములు గొంతు వినిపించింది. డాబా మీద గదిలో ఉండే ఇంజనీరింగ్ కుర్రాళ్ల కోసం వచ్చాడు. ఉదయలక్ష్మి ఆయన్ను లోపలికి లాక్కొచ్చినంత పని చేసింది.

ఆయన దగ్గుతూ ముందు కిటికీ తెరిచాడు. తర్వాత పెట్టె విప్పాడు.

“సెన్సర్ పని చేయాల్నంటే లోపల వేడెక్కాలె మేడం, గా వేడికే బ్యాటరీ మొత్తం తాగుతది. గిది ఎన్నడో సచ్చింది.”

“మరి ఆ అంకె ఎవరిది?”

“మీద పోరగాండ్లది. గిదే డబ్బా ఆళ్లకూ ఇచ్చిన, డాబా మీద ఆరుబయట పెట్టిండ్రు. అన్నిటికీ ఒకటే చానల్. ఎవరు పంపినా మీ తెర తీస్కుంటది.”

ఏ గాలికి జడిసి కిటికీలు మూసిందో, ఆ గాలి అంకె చూసుకునే ఉదయలక్ష్మి ఇన్నాళ్లూ మురిసిపోయింది.

“ఇది మోసం కాదూ?”

“కాలేజీల సార్లు ఆన్ చేసి సుత చూడరమ్మా! గిట్ల ఇండ్లల్ల వాడుతరని నాకేమెరుక?”

“డాబా గాలి చూసుకుంటూ గదిలో పిల్లని పెంచావుటే!” అంది అమ్మాజీ, సాంబ్రాణి పళ్లెం కొంగు చాటున దాస్తూ.

పిల్లను పరుగున తీసుకెళ్తే డాక్టరు మందిచ్చి, పొగ ఆపమన్నాడు. సాయంత్రానికి పిల్ల ఊపిరి తేలికపడింది. ఏమైందో కనుక్కోవడానికి మళ్లీ వచ్చిన సీతారాములు సిగ్గుపడకుండానే చెప్పాడు: “ముందుగాల పిల్ల మొఖం చూడుండ్రి, తర్వాత డబ్బా మొఖం. నేను చేసిన డబ్బా అయితే అదీ ఒద్దు.”

ఇప్పుడు తన్మయి దగ్గితే ఉదయలక్ష్మి హాల్లోకి పరుగెత్తదు. పిల్ల గుండెకు చెవి ఆనించి వింటుంది. దగ్గకపోయినా వింటుంది.